ఈ ఆదివారం నుంచి ఆగమన కాలం

మన విచారణలో (చర్చి పరిధిలో) అందరికీ వందనాలు 🙏 ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు ముందు యేసు రాక కోసం ఎదురుచూసే నాలుగు వారాలు.

నవంబర్ 29 ఆదివారం ఉదయం పూజలో ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో మొదటిది, ఊదారంగుది, వెలిగిస్తాం. పూజకు పది నిమిషాల ముందే రండి. గులాబీ రంగుది మూడో ఆదివారం, డిసెంబర్ 13న. పిల్లలు ముందే వెలిగిద్దామంటారు, ఒప్పుకోకండి!

బయట సెమీ క్రిస్మస్ కేకులు, సేల్ మెసేజ్‌లు అప్పుడే మొదలయ్యాయి. ఆఫీసులో కేక్ పెడితే తినండి, తప్పేం లేదు. ఇంట్లో మాత్రం ఈ నాలుగు వారాలు ఎదురుచూపుగానే ఉంచుదాం. స్టార్ కట్టుకోండి, పశువుల పాక పెట్టుకోండి, బాలయేసును మాత్రం 24 రాత్రే పడుకోబెట్టండి. రాత్రి ఫోన్లు పక్కన పెట్టి కాసేపు కుటుంబ ప్రార్థన.

పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) చివరి వారం దాకా ఆగకండి, లైన్ పెద్దదవుతుంది.

పేద కుటుంబాల కోసం బియ్యం, దుప్పట్లు డిసెంబర్ 20 లోపు గుడి ఆఫీసులో ఇవ్వండి. చిరిగిన బట్టలు దయచేసి వద్దు.