ధ్రువాల్లో విషం: మిస్టరీ ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ సైన్స్ పేజీలో ధ్రువప్రాంతాల కాలుష్యం మీద వచ్చిన వ్యాసం చదివి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను. కానీ మనసు ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలు లేని చోటికి రసాయనాలు ఎలా చేరాయన్నది ‘అంతుచిక్కని మిస్టరీ’ అని హెడ్డింగ్ పెట్టారు. లోపల చూస్తే తప్పంతా టూరిస్టు ఓడల మీదికి తోసేశారు. ఓడలవాళ్లు పుణ్యాత్ములని నేననను. కానీ అంటార్కిటికాలో అడేలీ పెంగ్విన్ల ఒంట్లో డీడీటీ అనే పురుగుమందు దొరికింది 1960లలోనే. అప్పటికి అక్కడ తిరిగిన టూరిస్టులెందరు? పంటలెవరు వేశారు, దోమలమందు ఎవరు కొట్టారు?

జరిగేది తెలియంది కాదు. వేడి ప్రాంతాల్లో చల్లిన పురుగుమందులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలోని పీసీబీలనే విష రసాయనాలు కొద్దికొద్దిగా ఆవిరై గాల్లో కలుస్తాయి. చలి తగిలితే కిందికి దిగుతాయి, ఎండ కాస్తే మళ్లీ లేస్తాయి. అలా మిడతల్లా గెంతుకుంటూ ధ్రువాల దాకా పోయి, అక్కడి చలికి చతికిలబడతాయి. నీళ్లలోని నాచు మొదలుకుని చేప, సీల్, ధ్రువపు ఎలుగుబంటి దాకా ఒకదాన్నొకటి తింటున్న కొద్దీ కొవ్వులో పేరుకుంటాయి. పైకి పోయేకొద్దీ మోతాదు పెరుగుతుంది. 1980లలో కెనడా పరిశోధకులు తల్లిపాలలో పీసీబీలు కొలుస్తూ, పోల్చి చూడ్డానికి కాలుష్యం అంటని వాళ్లు కావాలని ఉత్తర క్యుబెక్‌లోని నునావిక్‌లో ఉండే ఇన్యూట్ ఆదివాసీ తల్లుల పాలు పరీక్షించారు. దక్షిణ క్యుబెక్ తల్లుల పాలలో కన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువ తేలాయి! పీసీబీ ఒక్క చుక్క కూడా తయారుచెయ్యని మనుషులు వాళ్లు. వాళ్లు చేసిందల్లా సీల్, తిమింగలాల కొవ్వు తినడం, అంతే.

పాదరసం సంగతీ అంతే. బొగ్గు కాల్చేదొకచోట, బంగారం కోసం ముడిఖనిజంలో పాదరసం కలిపేదొకచోట. ఆర్కిటిక్‌లో వసంతకాలపు ఎండ రాగానే, సముద్రపు మంచు మీది ఉప్పులోంచి వచ్చే బ్రోమిన్ గాలిలోని పాదరసాన్ని మార్చి మంచు మీద పడేస్తుంది. గాలిలో పాదరసం ఉన్నట్టుండి మాయమవుతోందని కెనడా ఉత్తర కొసనున్న అలర్ట్ కేంద్రంలో గమనించింది 1995లో. నాన్‌స్టిక్ పూతలకు, మంటలార్పే నురగకు వాడిన ఫ్లోరిన్ రసాయనాలైతే గాలితోనే కాదు, సముద్ర ప్రవాహాలతో కూడా పోతాయి. ఇవన్నీ ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసే విషయాలు. ఒకప్పుడు మీ సైన్స్ పేజీ ఇలా ఉండేది కాదు.

మరి అక్కడికక్కడే పుట్టిన కాలుష్యం లేదా? ఎందుకు లేదు! గ్రీన్‌లాండ్ మంచు కింద అమెరికా సైన్యం క్యాంప్ సెంచరీ కట్టింది. 1967లో దాన్ని వదిలేసి వెళ్తూ, ఎలాగూ మంచులో శాశ్వతంగా కప్పబడిపోతుంది కదా అని డీజిల్‌ను, పీసీబీలను అక్కడే వదిలేసింది. రష్యా ఉత్తరాన నోరిల్స్క్‌లో 2020 మే 29న పవర్ ప్లాంటు ట్యాంకు కుంగి, దాదాపు 20 వేల టన్నుల డీజిల్ నదుల్లోకీ నేలలోకీ పోయింది. కంపెనీవాళ్లు ఆ నేరాన్ని నేలలో కరుగుతున్న మంచు మీదికి నెట్టేశారు. మీ వ్యాసంలో ఈ రెండూ లేవు. ఓడ డెక్ మీద సెల్ఫీలు తీసుకునేవాళ్ల ఫొటో మాత్రం అరపేజీ ఉంది.

నాకు ఒళ్లు మండేది ఇంకొకందుకు. మిస్టరీ అంటే అందరికీ హాయి. గాలిలో వచ్చిన డీడీటీ మీద ఏ దేశం ముద్రా ఉండదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు పంచేసుకుంటే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. 2001లో ఇలాంటి మొండి రసాయనాలను అరికట్టడానికి దేశాల మధ్య స్టాక్‌హోం ఒప్పందం కుదిరింది, సంతోషం. పీసీబీలున్న పరికరాల వాడకం 2025 కల్లా పోవాలని దానిలోనే రాసుకున్నారు. 2025 వచ్చింది, వెళ్లింది. ఎన్ని పోయాయో, ఎన్ని ఇంకా ఏ షెడ్డులో నూనె కారుస్తున్నాయో మీరడిగారా? ఆర్కిటిక్‌లో ఓడలు భారీ ఇంధన నూనె (చిక్కటి మడ్డినూనె) వాడకూడదని 2024 జూలై నుంచి నిషేధం పెట్టారు. పెట్టిన చేత్తోనే, ఇంధన ట్యాంకులకు రెండో గోడ ఉన్న ఓడలకు 2029 దాకా మినహాయింపు ఇచ్చారు. అక్కడి తీరదేశాలు తమ జెండా ఓడలకూ అప్పటిదాకా సడలింపు ఇచ్చుకోవచ్చట. అంటార్కిటికాలో ఇదే నూనెను 2011లోనే ఆపగలిగారు. అక్కడైతే ఎవరి వ్యాపారమూ పెద్దగా దెబ్బతినదు మరి!

మీటింగులకు మాత్రం లోటు లేదు. ప్రతినిధులు వస్తారు, ఆందోళన వ్యక్తం చేస్తారు, ఫొటో దిగుతారు. ‘తీవ్ర ఆందోళన’ అని మీరూ యథాతథంగా అచ్చేస్తారు. ఈలోగా పాత మంచు కరిగి, చాలా దేశాలు ఎప్పుడో నిషేధించిన డీడీటీయే మళ్లీ నీళ్లలోకి దిగుతోంది. పెంగ్విన్లలో అది అనుకున్నంతగా తగ్గకపోవడానికి హిమానీనదాల నీళ్లు కారణం కావచ్చని 2008లోనే పరిశోధకులు రాశారు.

ఆ హెడ్డింగ్ తప్పని ఒక సవరణ వెయ్యండి. 2029 జూలై 1 వచ్చాక ఆ ఓడల మినహాయింపులు నిజంగా ముగిశాయో, ఇంకోసారి పొడిగించారో కూడా ఒక వార్త ఇవ్వండి. లోపలి పేజీలో అయినా పర్లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు