నీళ్ళ క్యాన్ పేలిందని బుల్లెట్ మంచిదనుకోవద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో హ్యాండ్‌గన్ బుల్లెట్ల మీద వేసిన ఐటమ్ చదివాను, అదేనండీ, వరసగా పెట్టిన నీళ్ళ క్యాన్లలోకి కాల్చి ఏ బుల్లెట్ ఎన్ని క్యాన్లు దాటింది, ఎంత విచ్చుకుంది అని టేబుల్ వేసి చివర్లో ఒకదాన్ని బెస్ట్ అని తేల్చేశారు కదా, అది. ఫొటోలు బావున్నాయి, రాసినవాళ్ళు కష్టపడ్డారని కూడా తెలుస్తోంది. కానీ ఆ టేబుల్ చూసి ఎవరైనా తన ప్రాణం కాపాడుకోడానికి ఏ తూటా పెట్టుకోవాలో డిసైడ్ అయిపోతే ఎలా అన్నదే నా బాధ. నేను పదేళ్ళ పైనే షూటింగ్ రేంజ్‌లో ఇలాంటి టెస్టులు చేస్తున్నవాణ్ణి, వాటిల్లో తప్పులూ చేసినవాణ్ణి, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

ముందు నీళ్ళ సంగతి. నీళ్ళు అసలు పనికిరావని నేననను. హాలో పాయింట్ బుల్లెట్‌కి ముందు గుంట ఉంటుంది, అందులోకి తడి పదార్థం ఒత్తిడితో దూరి అంచుల్ని బయటికి నెడితేనే బుల్లెట్ పువ్వులా విచ్చుకుంటుంది, ఆ పని నీళ్ళు బాగానే చేస్తాయి, అంచేత విచ్చుకుంటుందా లేదా అని చూడాలంటే నీళ్ళు సులువైన పద్ధతే. కానీ ఎంత లోతుకి పోతుందో చెప్పడానికి నీళ్ళని నేరుగా నమ్మకూడదు. కండకి పట్టు ఉంటుంది, కండకి బదులుగా టెస్టుల్లో వాడే జెలటిన్ అనే జెల్లీ దిమ్మకీ ఉంటుంది, బుల్లెట్ వేగం తగ్గాక చివర్లో దాన్ని ఆపేది ఆ పట్టే. నీళ్ళకి అది లేదు, అందుకే అదే బుల్లెట్ జెలటిన్‌లో పోయినదానికి నీళ్ళలో రమారమి రెండింతల దాకా పోతుంది. పైగా మధ్యలో ప్లాస్టిక్ గోడలు, క్యాన్‌కీ క్యాన్‌కీ మధ్య ఖాళీలు. మీ టేబుల్లో నాలుగు క్యాన్లు దాటింది అని ఉంది గానీ ఒక్కో క్యాన్ వెడల్పు ఎంతో ఎక్కడా లేదు.

ఇక ఆ క్యాన్ పేలిన ఫొటో. చూసినవాళ్ళందరికీ అదే గుర్తుంటుంది, అమ్మో ఎంత పవరో అనుకుంటారు. నీళ్ళు నొక్కితే తగ్గవు, ప్లాస్టిక్ పెద్దగా సాగదు, అందుకని పగుల్తుంది, అంతే. మన కండ, ఊపిరితిత్తులు అలా కాదు, సాగి మళ్ళీ చాలావరకు వెనక్కి వచ్చేస్తాయి. మామూలు హ్యాండ్‌గన్ వేగాల్లో ఆ క్షణం ఉబ్బడం కంటే బుల్లెట్ నేరుగా నలుపుకుంటూ పోయిన దారే అసలు గాయం. ఈ మాట గట్టిగా చెప్పింది అమెరికా ఆర్మీ సర్జన్ మార్టిన్ ఫ్యాక్లర్, 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని లెటర్‌మన్ ఆర్మీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో గాయాల మీద పనిచేసిన ల్యాబ్ ఆయనదే. 10 శాతం పొడి కలిపి చేసిన జెలటిన్‌ని 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే బుల్లెట్ అందులో పోయే లోతు పంది కండలో పోయే లోతుకి దగ్గరగా వస్తుందని ఆయన పోల్చి చూపించాకే ఈ జెలటిన్ టెస్టుకి ఒక విలువ వచ్చింది. ఆ 10 శాతం, ఆ 4 డిగ్రీలు రెండూ తప్పకూడదు.

తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు, నేనే తప్పాను కాబట్టి. మొదట్లో జెలటిన్ పొడిని తొందరగా కరుగుతుందని బాగా వేడి నీళ్ళలో కలిపేశాను, అలా ఎక్కువ వేడి తగిలితే జెలటిన్ పట్టు పోతుందని అప్పటికి నాకు తెలీదు, ఫ్రిజ్‌లోంచి తీసిన దిమ్మని రేంజ్‌కి తీసుకెళ్ళి అన్నీ సర్దుకునేసరికి గంట పైనే అయింది, అది మెత్తబడింది. కాల్చిన ప్రతి బుల్లెట్టూ దిమ్మ అవతలికి వెళ్ళిపోయింది. ఈ రౌండు మరీ లోతుకి పోతోంది, మనిషిని దాటి వెనకున్నవాళ్ళకి తగుల్తుంది అని తెలిసినవాళ్ళందరికీ చెప్పాను, నా మాట విని ఒక ఫ్రెండ్ తను వాడే బుల్లెట్ మార్చేశాడు కూడా. తర్వాత సరిగ్గా చేసిన దిమ్మలో అదే రౌండు చక్కగా ఆగింది. అతనికి ఫోన్ చేసి నేను చెప్పింది తప్పు అని ఒప్పుకోడానికి నాకు రెండ్రోజులు పట్టింది.

దిమ్మ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి చిన్న పరీక్ష ఉంది, దాన్ని చాలామంది చెయ్యరు. బుల్లెట్ కాల్చే ముందు గాలి తుపాకీతో 0.177 అంగుళాల చిన్న స్టీల్ గుండు, బీబీ అంటారు, సెకనుకి సుమారు 590 అడుగుల వేగంతో దిమ్మలోకి కొట్టాలి. అది సుమారు 8.5 సెంటీమీటర్లు, ఓ సెంటీమీటరు అటూ ఇటూగా పోయి ఆగాలి. ఎక్కువ పోయిందా దిమ్మ మెత్తగా ఉన్నట్టు, తక్కువ పోయిందా గట్టిగా ఉన్నట్టు, ఆ రోజు కొలతలు పక్కన పడెయ్యాల్సిందే. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేకపోతే ఈ పరీక్ష కూడా కుదరదు.

అసలు బుల్లెట్ జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు పోవాలి అని అందరూ అనే లెక్క ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా మీ ఐటమ్‌లో రాసుంటే బావుండేది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకీ ఇద్దరు బ్యాంకు దొంగలకీ మధ్య కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఒక ఏజెంటు కాల్చిన 9 ఎంఎం బుల్లెట్ ఒక దొంగ కుడి చేతి కండలోంచి దూరి ఛాతీలోకి వెళ్ళింది, ఊపిరితిత్తిని చీల్చింది, గుండెకి ఇంకో అంగుళం దూరం ఉందనగా ఆగిపోయింది. తర్వాత కూడా వాడు కాలుస్తూనే ఉన్నాడు, ఆ రోజు ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఆ బుల్లెట్ 115 గ్రెయిన్ల బరువున్న హాలో పాయింట్, విచ్చుకోవాల్సింది విచ్చుకుంది, లోతు మాత్రం చాల్లేదు. చెయ్యి అడ్డొస్తే బుల్లెట్ అదనంగా దాటాల్సిన దూరం ఎంతో ఆ ఒక్క గాయంతో అర్థమైంది. దాని తర్వాతే ఎఫ్‌బీఐ కనీసం 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్ల పైచిలుకు లోతు కావాలని పెట్టుకుంది. వట్టి జెలటిన్ ఒక్కటే కాదు, మందపాటి బట్టలు, గోడకి వాడే జిప్సం బోర్డు, ప్లైవుడ్, స్టీల్ రేకు, కారు అద్దం అడ్డం పెట్టి కూడా కాలుస్తారు, ఒక్కోదానికి ఐదేసి షాట్లు.

బట్టల గురించి మీ టేబుల్లో ఒక్క మాట లేకపోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. నీళ్ళలో అద్భుతంగా విచ్చుకున్న బుల్లెట్టే నాలుగు పొరల జీన్స్ గుడ్డ దాటేసరికి ఆ గుంటలో దారపు పోగులు కూరుకుపోయి అసలు విచ్చుకోకుండా, మామూలు గుండులాగా లోతుకి దూసుకుపోవచ్చు, ఇది నేను నా చేత్తో బయటికి తీసి చూశాను, గుంటలో నీలం పోగులు బిగుసుకుపోయి ఉన్నాయి. రోడ్డు మీద మనుషులు బట్టలేసుకునే తిరుగుతారు కదా. అంతే ముఖ్యమైనది బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం పొడవు. చిన్న పిస్టల్‌లోంచి వస్తే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే కొన్ని బుల్లెట్లు విచ్చుకోవు, మీరు ఏ పిస్టల్‌తో కాల్చారో రాయలేదు.

ఈ మధ్య గాజులా కనిపించే సింథటిక్ జెల్ వచ్చింది, ఫ్రిజ్ అక్కర్లేదు, కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు, లోపల దారి అంతా కనపడుతుంది. ఒకే దిమ్మలో రెండు బుల్లెట్లని పక్కపక్కన పోల్చుకోడానికి నేనూ వాడతాను. కానీ అది నిజమైన జెలటిన్ కాదు, అందులో బుల్లెట్లు సాధారణంగా ఎక్కువ లోతుకే పోతాయి, ఆ అంగుళాలు తెచ్చి ఎఫ్‌బీఐ అంగుళాల పక్కన పెట్టకూడదు. తడిపిన పాత న్యూస్‌పేపర్ల కట్టలైతే ఇంకా కష్టం, ఎంతసేపు నానాయి, ఎంత బిగించి కట్టారు అన్నదాన్ని బట్టి కట్టకో లెక్క వస్తుంది.

ఒక్కో రకానికి ఒక్కటే షాట్ కాల్చి ర్యాంకులివ్వడం కూడా సరికాదు. ఒకే పెట్టెలోని రెండు రౌండ్లే తేడాగా ప్రవర్తిస్తాయి.

ఇంకో విషయం, రెండో ఫొటోలో క్యాన్ల వెనక మట్టిగట్టు లేదు, ఖాళీ జాగా కనిపిస్తోంది. క్యాన్ల వరసలోంచి బుల్లెట్ పక్కకి తిరిగి బయటపడటం చాలా మామూలు, నేను చాలాసార్లు చూశాను, దయచేసి అలాంటి ఫొటో ఇంకోసారి వెయ్యకండి, చూసి పిల్లలు కూడా అలాగే చెయ్యొచ్చని అనుకుంటారు.

మీరు ఈ ఐటమ్ రెండో భాగం వేస్తామన్నారు కాబట్టి అడుగుతున్నా, ప్రతి బుల్లెట్ పక్కన బ్యారెల్ పొడవు, కొలిచిన వేగం, ఎన్ని షాట్లు, అడ్డం ఏం పెట్టారు, దిమ్మ దేంతో చేశారు, బీబీ ఎంత లోతుకి పోయింది, ఇవి వెయ్యండి. జాగా చాలకపోతే ఫొటోలు రెండు తగ్గించండి. మొదటి భాగం టేబుల్ మీద కూడా ఇవి నీళ్ళలో వచ్చిన లెక్కలు మాత్రమే అని ఒక సవరణ వేస్తే బావుంటుంది, ఎందుకంటే దాన్ని కత్తిరించి దాచుకున్నవాళ్ళు నాకు అప్పుడే ఇద్దరు కనిపించారు.

ఇట్లు
మీ పాత పాఠకుడు