జీజీభాయ్ చిత్రం పక్కన పూర్తి కథ రాయించండి

మహారాష్ట్ర సాంస్కృతిక వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను ముంబై కామాఠీపురలో పెరిగిన తెలుగువాణ్ని. మా ఇంట్లో పురుళ్లన్నీ జె.జె. ఆస్పత్రిలోనే జరిగాయి. ఆ ఆస్పత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ పార్సీ వ్యాపారి జంషెట్జీ జీజీభాయ్‌ని, ఇంగ్లీషు చిత్రకారుడు జార్జ్ చినరీ గీసిన చిత్రంలో చూడండి. తెల్లని దుస్తులు, పార్సీ తలపాగా, ధనికుడి నిబ్బరం. పక్కనే చైనా గుమాస్తా! ఆ గుమాస్తా అక్కడ ఊరికే లేడు. ఆస్పత్రికీ, 1857లో మొదలైన చిత్రకళా పాఠశాలకూ ధారపోసిన సంపద వెనుక చైనాకు పంపిన పత్తి ఉంది, నల్లమందూ ఉంది.

ఆయనంటే నాకు గౌరవం. మా అమ్మ ప్రాణం నిలిచింది అక్కడే. అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వ సంస్థల్లో ఆయన చిత్రపటం ఉన్న ప్రతిచోటా దానాన్నీ, నల్లమందునూ కలిపి రాయించండి. మరాఠీ, ఇంగ్లీషులతోపాటు మా పేట తెలుగులోనూ.

ఇట్లు,
ఒక ముంబై తెలుగువాడు