బోర్డుల మీద ‘ళ’ పోతోంది

అయ్యా,

బుచ్చిరెడ్డిపాళెం పేరులో ‘ళ’ ఉంది. ఇంగ్లిషులో ఆ అక్షరం లేదు. ఇంగ్లిషు రాత చూసి తెలుగు బోర్డు రాస్తే అది ‘పాలెం’ అయిపోతుంది. మన నోటిమాట పలక్కుండా చేసే తప్పిది. ఊరి పేరు చెడితే దాని అర్థమూ పోతుంది. జువ్వలదిన్నె ఊరి పేరే చూడండి, దిన్నె అంటే మెరక, నేల తీరు పేరులోనే ఉంది!

ఐర్లండ్‌లోనూ ఇదే జరిగింది. 19వ శతాబ్దపు సర్వేలో, గుట్టకు ఐరిష్‌లో ఉన్న ‘క్నొక్’ ఇంగ్లిషు పటాల్లో ‘నాక్’ అయింది. ఐరిష్ మాట్లాడే పల్లెల్లో 2005 నుంచి దారి బోర్డుల మీద ఐరిష్ పేరే ఉంటోంది. ఊరివాళ్ల ఉచ్చారణనూ పాత రికార్డులనూ సరిచూసి ఖాయం చేస్తారు.

ఇక్కడా బోర్డు రాయించేముందు ఊరి పెద్దల చేత పేరు పలికించి, పాత అడంగల్‌తో (ఊరి భూముల రికార్డుతో) పోల్చాలి. ముందు తెలుగు ఖాయం చేసి, ఆపైనే ఇంగ్లిషు రాయాలి.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా