ఒకే కోర్టు, రెండు రూల్ పుస్తకాలు

ఒహాయో,
9 ఫిబ్రవరి 2025

నాన్నగారికి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. అమ్మ పంపిన కందిపొడి అయిపోవచ్చింది, ఈ సంగతి అమ్మకు ఇప్పుడే చెప్పకండి, వెంటనే ఇంకో డబ్బా పార్సిల్ చేసేస్తుంది.

మొన్న ఫోన్‌లో ఇక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి మీరు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఫౌళ్ల లెక్కలు ఫోన్‌లో తెమిలేవి కావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. "అమ్మాయిల ఆటలో చీటికీ మాటికీ విజిల్ వేస్తున్నారు, అబ్బాయిల ఆటలో చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు, ఏమిటమ్మా ఇది?" అన్నారు. క్యాంపస్‌లో నాకు దొరికిన పని స్కోరర్ టేబుల్ దగ్గరే, అంటే కోర్టు పక్కన పాయింట్లూ ఫౌళ్లూ రాసే బల్ల దగ్గరే కాబట్టి రెండు ఆటలూ రిఫరీ బూట్ల చప్పుడు వినపడేంత దగ్గర్నుంచి చూస్తున్నాను. వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు గానీ, లేకపోతే రోజూ అక్కడే కూర్చునేదాన్ని.

ముందుగా మీకు నచ్చే మాట. మీకు తెలిసిన బాస్కెట్‌బాల్‌కు ఇక్కడ అమ్మాయిల ఆటే దగ్గర. 2015-16 సీజన్ నుంచి వాళ్లది పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. క్వార్టర్‌లో ఐదో టీమ్ ఫౌల్ (జట్టు మొత్తం కలిపి చేసిన ఫౌళ్ల లెక్క) నుంచి అవతలి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా లైను దగ్గర నిలబడి వేసే షాట్లు. క్వార్టర్ మారగానే లెక్క మళ్లీ సున్నా. బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఇచ్చే గడువు, అదే షాట్ క్లాక్, 24 బదులు 30 సెకన్లు అన్నది పక్కన పెడితే మన దగ్గర ఆడించే పద్ధతే. అబ్బాయిలు మాత్రం మీరు ఆడిన రోజుల్లోలాగా ఇంకా రెండు 20 నిమిషాల హాఫ్‌లే. పైగా వాళ్లకు 'వన్ అండ్ వన్' అని ఒకటుంది. హాఫ్‌లో అవతలి జట్టు ఏడో ఫౌల్ చేసిందనుకోండి, మనవాడికి ఒక్క ఫ్రీ త్రో ఇస్తారు. అది పడితేనే రెండోది. పడకపోతే బంతి అక్కడికక్కడే ఆటలోకి వచ్చేస్తుంది, రింగుకు తగిలి వెనక్కొచ్చిన ఆ బంతి (రీబౌండ్) ఎవడు పడితే వాడిదే. పదో ఫౌల్ నుంచి మాత్రం నేరుగా రెండు.

మీరు అడిగిన తేడా చాలావరకు ఈ లెక్కలోంచే పుడుతోందని నాకనిపిస్తోంది. మీరు మాకు చెప్పేవారు గుర్తుందా, మొదటి ఐదు నిమిషాల్లో గట్టిగా ఉంటే మిగతా ఆట దానంతటదే దారిలోకి వస్తుందని. అమ్మాయిల మ్యాచ్‌లో రిఫరీ ఆ పని ధైర్యంగా చేయగలడు. మొదట్లో నాలుగైదు ఫౌళ్లు ఇచ్చినా ఆ భారం పది నిమిషాల్లో తీరిపోతుంది. అబ్బాయిల మ్యాచ్‌లో అదే పని చేస్తే హాఫ్ సగం కాకముందే ఏడు దాటిపోతుంది. ఇక అక్కణ్నుంచి చేయి తగిలితే ఫ్రీ త్రో, భుజం తగిలితే ఫ్రీ త్రో, జనం లేచి పాప్‌కార్న్ కొనుక్కోవడానికి వెళ్లిపోతారు. ఆరో ఫౌల్ అయ్యాక విజిల్ నోట్లోనే ఉన్నా అది మోగడం ఆలస్యమవుతుందని నా అనుమానం. ఏ రిఫరీని అడిగినా ఒప్పుకోడు లెండి.

వన్ అండ్ వన్ చూడ్డానికి మాత్రం నాకు మహా ఇష్టం. ఒక పాయింటు వెనకబడ్డ జట్టు, క్లాక్‌లో పది సెకన్లు, లైను దగ్గర ఒక్కడే కుర్రాడు. కానీ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకు అది టెన్షనే. ఆరా, ఏడా అన్నది మేం తప్పు చూపిస్తే రిఫరీ తప్పు ఇస్తాడు. అందుకే ఫౌల్ పడ్డ ప్రతిసారీ స్కోర్‌బుక్కూ, బోర్డూ సరిపోయాయో లేదో చూసుకుని తలాడిస్తాం.

రిఫరీ మా ముందుకొచ్చి నంబర్ చూపించే తీరు మీరు చూడాలి. కుడి చేత్తో పదులు, ఎడమ చేత్తో ఒకట్లు. ఎదురుగా కూర్చున్న మాకు అది ఎడమ నుంచి కుడికి చదువుకున్నట్టే కనిపిస్తుంది. చేతికి అయిదు వేళ్లే కాబట్టి 2023 దాకా కాలేజీ జెర్సీల మీద 6, 7, 8, 9 అంకెలే ఉండనిచ్చేవారు కాదు. ఇప్పుడు 0 నుంచి 99 దాకా ఏదైనా వేసుకోవచ్చు, రిఫరీల వేళ్లకు పని పెరిగింది.

ఇక ఒంటికి ఒళ్లు తగిలే సంగతి. అబ్బాయిలు రిమ్ మీదికి ఎగురుతారు, అక్కడ గోల్‌టెండింగ్ (బుట్టలోకి దిగుతున్న బంతిని చేత్తో ఆపేయడం) చూడాలి కాబట్టి రిఫరీల చూపు పైకి పోతుంది. నేను కూర్చున్న అమ్మాయిల మ్యాచ్‌ల్లో ఆ విజిల్ ఇంతవరకూ వినలేదు. అమ్మాయిల ఆటంతా స్క్రీన్లూ (తోటి ప్లేయర్‌కి దారి దొరికేలా అవతలివాళ్లకు అడ్డంగా కదలకుండా నిలబడటం), కట్లూ (ఖాళీలోకి చటుక్కున పరిగెత్తడం), పాస్‌లూ. బంతికి దూరంగా ఎవరు ఎవర్ని అడ్డుకుంటున్నారన్నదే అసలు కథ, ముగ్గురు రిఫరీల్లో ఇద్దరి కళ్లు అక్కడే ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో జరిగిన కాలేజీ అమ్మాయిల జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్ క్లిప్పు చూసి మీరు మండిపడ్డారు చూడండి, అదీ ఇదే. అయోవా యూనివర్సిటీ జట్టుపై కనెక్టికట్ యూనివర్సిటీ జట్టు ఒక్క పాయింటు వెనక, 3.9 సెకన్లు మిగిలాయి, బంతి కనెక్టికట్‌దే. కనెక్టికట్ ప్లేయర్ ఆలియా ఎడ్వర్డ్స్ స్క్రీన్ పెడుతూ కదిలిందని ఫౌల్ ఇచ్చారు. అయోవా 71-69తో గెలిచింది. అబ్బాయిల ఆటలో ఆ ఫౌల్ ఇచ్చేవాళ్లా అని ఇక్కడ కూడా అందరూ కొట్టుకున్నారు. నన్నడిగితే ఆ పిల్ల కదిలింది, మోచేయీ పక్కకు జరిగింది. మొదటి నిమిషంలో ఫౌలైతే చివరి నిమిషంలోనూ ఫౌలే. మీరు కాదంటారని తెలుసు.

చివరి నిమిషంలోనే ఇంకో తేడా ఉంది. అమ్మాయిల ఆటలో నాలుగో క్వార్టర్ ఆఖరి నిమిషంలో టైమౌట్ తీసుకుంటే బంతిని అవతలి సగంలోంచి ఆడించుకోవచ్చు. అబ్బాయిలకు ఆ సదుపాయం లేదు, కోర్టు పొడుగునా 94 అడుగులు దాటాల్సిందే. అమ్మాయిల కోచ్ వచ్చి అడిగినా, అబ్బాయిల కోచ్ వచ్చి అడిగినా, ఏ ఆట రూల్ ఏదో చెప్పడానికి రిఫరీ తడుముకోకూడదు. అందుకే ఇక్కడ చాలామంది రిఫరీలు ఏదో ఒక వైపే ఉండిపోతారు.

బంతి సంగతి మర్చిపోయాను. అబ్బాయిలది చుట్టుకొలత 29.5 అంగుళాలు, అమ్మాయిలది 28.5. మన స్కూల్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద బంతితో మేమంతా ఆడినవాళ్లమే కాబట్టి ఇక్కడి చిన్న బంతి పట్టుకుంటే నాకు చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది.

డబ్బుల విషయం వినండి, మీకు కోపం వస్తుంది. రిఫరీలు ఇక్కడ ఉద్యోగులు కారు, మ్యాచ్‌కి ఇంత అని తీసుకుని ఊరూరూ తిరిగేవాళ్లు. 2021లో అమ్మాయిల జాతీయ టోర్నమెంటుకు జిమ్ అని చెప్పి ఒక స్టాండుకు సరిపడా డంబెల్స్ పెట్టారని ఒక ప్లేయర్ వీడియో తీసి పెట్టింది, దేశమంతా గొడవైంది. ఆ గొడవలోనే రిఫరీల ఫీజుల్లో తేడా సంగతీ బయటికొచ్చి, 2022 టోర్నమెంటు నుంచి రెండు వైపులా ఒకే ఫీజు చేశారు. కానీ మిగతా సీజన్‌లో ఫీజు ఏ లీగు దాని ఇష్టం. ఆ ఏడాదే అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు ఆరా తీస్తే దాదాపు సగం లీగులు అబ్బాయిల మ్యాచ్‌కే ఎక్కువ ఇస్తున్నాయని తేలింది. అబ్బాయిల ఆట టికెట్లూ టీవీ డబ్బులూ ఎక్కువ తెస్తుందంటారు. ఆ మాట ఇంకెంతకాలం చెల్లుతుందో చూడాలి, 2024లో అమ్మాయిల ఫైనల్‌ను అబ్బాయిల ఫైనల్ కంటే ఎక్కువమంది చూశారు. అయినా రిఫరీ పరిగెత్తేది అదే కోర్టు, అవే 40 నిమిషాలు.

ఆడవాళ్లు విజిల్ పట్టుకోవడం గురించి అమ్మ అడిగింది. వయొలెట్ పామర్, డీ కాంట్నర్ అని ఇద్దరు 1997లోనే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మగవాళ్ల మ్యాచ్‌లకు రిఫరీలయ్యారు. ఇద్దరూ అంతకుముందు కాలేజీ అమ్మాయిల ఆట ఆడించినవాళ్లే. మా కాలేజీలో మాత్రం అబ్బాయిల మ్యాచ్‌కి ఆడ రిఫరీ రావడం నేనింకా చూడలేదు, అమ్మాయిల మ్యాచ్‌కి మగ రిఫరీ రాని రోజు లేదు.

శనివారం మధ్యాహ్నం అమ్మాయిలది, సాయంత్రం అబ్బాయిలది, రెండింటికీ నాదే డ్యూటీ. మీ మోకాలికి డాక్టరు రాసిన ఎక్స్‌రే తీయించుకోండి, జిల్లా పోటీలు అయ్యాక చూద్దాం అనకండి. మే నెలలో పరీక్షలు అవగానే టికెట్ చేయించుకుంటాను. అమ్మకు, నానమ్మకు నమస్కారాలు చెప్పండి.

మీ అమ్మాయి,
శ్రావణి