కొత్త షాపులు తీసుకోవడం ఆపేశాం, ఎందుకో చెబుతున్నాను

మన మెడికల్ షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న అందరికీ నమస్కారం.

2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. షాపులో ఉన్న పాత స్ట్రిప్పుల మీద కొత్త స్టిక్కర్ అక్కర్లేదు, తగ్గిన ధరకు అమ్మితే చాలని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ముందే చెప్పింది. అంటే భారమంతా బిల్లు మీదే. మన సాఫ్ట్‌వేర్ ఆ రోజు పన్ను శాతం మార్చింది గానీ ధర తగ్గించలేదు. 105కి రావాల్సిన స్ట్రిప్ 112 దగ్గరే ఉండిపోయింది. ఆ 112లోంచే 5 శాతం విడదీసి చూపించింది.

విజయవాడ పటమటలో మెడికల్ షాపు ఉన్న ఒక పెద్దాయన 2017 జులైలో జీఎస్టీ మొదలైనప్పటి నుంచి మనతోనే ఉన్నారు. "బాబూ, శరన్నవరాత్రుల మొదటి రోజు పొద్దున్నే నా కౌంటర్ దగ్గర నిలబడి నన్ను దొంగ అన్నారయ్యా" అని ఫోన్ చేశారు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మందుల డేటా ఇచ్చే సంస్థ కొత్త ధరల ఫైలు 20కల్లా ఇస్తామని 23 రాత్రి ఇచ్చింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "పంపేస్తున్నాం సార్" అన్నదే జవాబు. అయినా తప్పు నాదే. జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం 3వ తేదీనే వచ్చింది. చేతిలో పంతొమ్మిది రోజులున్నాయి. ఆ రోజుల్లో మా ఆరుగురిలో నలుగురు డెమోలకు తిరుగుతున్నారు.

కొత్త షాపు కట్టే 9,000లో సగం డీలర్ కమీషన్‌కే పోతుంది. స్టాక్ ఎక్కించి, కుర్రాళ్లకు నేర్పించేసరికి మిగిలేదేమీ ఉండదు. మూడేళ్లుగా కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్ల సర్వీసు నెట్టుకొచ్చాం.

సరిగ్గా అప్పుడే వరంగల్ వైపు డీలర్ ఒకాయన 60 షాపులు తెస్తానని అడ్వాన్స్ చెక్కు ఇచ్చారు. అది దసరా వెళ్లేదాకా నా సొరుగులోనే ఉంది. జీతాల టెన్షన్‌లో రెండుసార్లు బ్యాంకు దాకా వెళ్లి, వెనక్కి తెచ్చాను. ఇంట్లో కూడా వేసెయ్యమనే అన్నారు. వేస్తే ఆ నలుగురినీ మళ్లీ రోడ్డు మీదకు పంపాలి. తిరిగిచ్చేశాను. "మార్కెట్లో మూసేశారనుకుంటారు సార్" అన్నారాయన. అనుకోనివ్వండి. ఎనిమిదేళ్లు నడిపాను, మూసే ఉద్దేశం నాకు లేదు.

మార్చి దాకా కొత్త షాపులు తీసుకోం. డెమోలకు తిరిగిన నలుగురిలో ఇద్దరు టెస్టింగ్‌కు, ఇద్దరు సపోర్ట్‌కు వచ్చేశారు. ఏ అప్‌డేట్ అయినా ముందు మూడు షాపుల్లో వారం నడిచాకే మీకు వస్తుంది. ఏఎంసీ, అంటే మీరు ఏటా కట్టే సర్వీసు రుసుము, జనవరి నుంచి 3,000 కాదు, 4,200. కొందరికి కష్టమనిపిస్తుందని తెలుసు, అయినా తగ్గించలేను. సెప్టెంబర్ 22 నుంచి 24 దాకా ఆ మూడు రోజులు ఇబ్బంది పడ్డ షాపులకు మాత్రం వచ్చే ఏడాదంతా పాత రేటే.

ఆ మూడు రోజుల్లో ఎక్కువ తీసుకున్న బిల్లుల పట్టిక రిపోర్టుల్లో పెట్టాం. తేడా డబ్బు మీ కస్టమర్లకు తిరిగిచ్చేయండి, ఆ మొత్తం మీ ఏఎంసీలో తగ్గిస్తాం. పటమట షాపులో నేనే కూర్చుని ఆ లెక్క తీశాను. పదకొండు మందికి ఇవ్వాలని తేలింది. ఏడుగురు వచ్చి తీసుకెళ్లారు.