విషయం: మనీలాలో గోడ చూపించి వెనక్కి తెచ్చిన టూరు, నలభై రోజులుగా జవాబు లేని ఫిర్యాదు

జనరల్ మేనేజరు గారికి,

అయ్యా,

మీ సంస్థకు ఇది నా ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ ఈమెయిళ్ళు. నాలుగింటికీ "మీ సందేశం అందింది, ధన్యవాదాలు" అని మిషను జవాబిచ్చింది. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవడానికైనా ఒక మనిషి ఉంటాడు కదా.

సంగతి చిన్నదే. జనవరిలో నేనూ మా ఆవిడా ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు మీ టూరులో వచ్చాం. నాలుగో రోజు "సగం రోజు ఇంట్రామురోస్" అని మీ కాగితంలోనే ఉంది. అది మనీలాలో గోడ కట్టిన పాత ఊరు. పదకొండింటికి బస్సు ఆ గోడ దగ్గర ఆగింది. ఇరవై ఐదు నిమిషాల్లో వచ్చెయ్యమన్నారు. తర్వాత షాపింగ్ మాల్‌లో మూడున్నర గంటలు.

తిరిగొచ్చిన మర్నాడే బందరు రోడ్డులోని మీ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి అంతా విని, "ఇంట్రా... అది హోటలా అంకుల్?" అంది. స్పెల్లింగు చెప్పించుకుని, కంప్యూటర్లో కొట్టి, "ఇది హైదరాబాద్ వాళ్ళు చూసుకుంటారు" అని తేల్చింది. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే పన్నెండు నిమిషాలు పాట వినిపించారు. ఆపైన ఒకాయన లైన్లోకొచ్చి, "బుకింగ్ విజయవాడలో అయింది కదా సార్, అక్కడే చెప్పాలి" అన్నాడు. మళ్ళీ వెళ్ళాను. బ్రాంచి మేనేజరు గారు మీటింగ్‌లో ఉన్నారట. గాజు తలుపులోంచి చూస్తే ఆయన ఒక్కడే కూర్చుని క్యారేజీ విప్పుకుని పెరుగన్నం తింటున్నాడు. పెరుగన్నంతోనే మీటింగ్ కాబోలని గంటసేపు బెంచీ మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి తుడుచుకుంటూ నా పక్కనుంచే వెళ్ళి లిఫ్ట్ ఎక్కేశాడు.

వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు వచ్చాయి. చదివారన్నమాట, సంతోషం. పోయిన వారం ఏకంగా "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజ్. ఏం పరిష్కరించారని ఫోన్ చేస్తే ఇంకో కుర్రాడు, "బస్సు వెళ్ళింది, గోడ చూశారు, ఫోటో కూడా దిగారు కదా సార్. లోపల ఇంకేముంటుంది?" అన్నాడు.

ఏముంటుందో ఆ అబ్బాయికి మీరైనా చెప్పండి. ముప్పై ఒక్క ఏళ్ళు మున్సిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి నేను. ఇంట్రామురోస్ అంటేనే గోడల లోపల అని అర్థం. గోడ దగ్గర నిలబెట్టి అది చూపించామనడం, దుర్గమ్మ దర్శనానికి తీసుకెళ్ళి కొండ కింద చెప్పుల స్టాండు చూపించి తీసుకురావడం లాంటిది. 1571లో స్పెయిన్ దొర లెగాస్పి పునాది వేసిన ఊరు అది. 1607లో పూర్తయిన శాన్ అగస్టీన్ చర్చి లోపలే ఉంది. 1945 యుద్ధంలో గోడల మధ్య ఊరంతా నేలమట్టమైతే ఆ చర్చి ఒక్కటీ నిలబడింది. శాంటియాగో కోట కూడా లోపలే. 1896 డిసెంబర్ 30న ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్‌ని అక్కడి జైలు నుంచే నడిపించుకెళ్ళి కాల్చి చంపారు. ఆయన నడిచిన దారి పొడుగునా లోహపు అడుగుజాడలు పరిచారు. క్లాసులో అల్లూరి పాఠం వచ్చినప్పుడల్లా రిజాల్ పేరు కూడా చెప్పేవాణ్ణి. ఆ అడుగుల పక్కన నాలుగు అడుగులు వెయ్యాలని ఈ వయసులో అంతదూరం వచ్చాను.

ఇంకో మాట. 1762లో ఇంగ్లీషు వాళ్ళు మద్రాసు నుంచి ఓడల్లో వెళ్ళి ఆ గోడనే బద్దలుకొట్టారు. వాళ్ళ వెంట మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. ఆ సిపాయిలకైనా లోపలికి వెళ్ళే యోగం పట్టింది. డబ్బు కట్టిన నాకు పట్టలేదు.

మేం చూసింది ఒక బండి గుర్రాన్ని. ఆ బండిని అక్కడ కలెసా అంటారు, మన జట్కా లాంటిది. ఆ గుర్రం గోడ నీడలో బకెట్లో మూతి పెట్టి నీళ్ళు తాగుతోంది. మా ఆవిడ గోడ మీద చెయ్యేసి, నాచు పట్టిన సందులో వేలు పెట్టి, "కొండపల్లి కోట రాయిలాగే చల్లగా ఉందండీ" అంది. అప్పటికే మీ గైడు చప్పట్లు కొట్టి పిలుస్తున్నాడు.

మీతో కాశీకి రెండుసార్లు వెళ్ళాం. చార్‌ధామ్ మీతోనే. మా వియ్యంకుల్ని మీ దుబాయ్ టూరుకు పంపింది నేనే. కాశీలో మీ వంటవాడికి జ్వరమొస్తే యాభై మందికి ఉప్మా చేసింది మా ఆవిడ. దానికి బిల్లు పంపామా?

డబ్బంటారా, ఆ సగం రోజుకు ఎంతవుతుందో మీరే లెక్కేసి పంపండి. ముందు ఆ పెరుగన్నం మేనేజరు మా ఇంటికి ఫోన్ చేసి, మా ఆవిడతో, పొరపాటు జరిగిందమ్మా అనాలి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, అటునుంచి జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదట. రిటైరైనవాణ్ణి, టైముకు కొదవ లేదు. మా అపార్ట్‌మెంట్లో ముగ్గురి పిల్లలు ఫిలిప్పీన్స్‌లోనే మెడిసిన్ చదువుతున్నారు. వేసవిలో చూడ్డానికి వెళ్ళాలి, ఏ ట్రావెల్స్ మంచిదని వాళ్ళ అమ్మానాన్నలు నన్నే అడుగుతున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు.

ఫోన్ సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యమనండి. పాట మాత్రం పెట్టొద్దు.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ టీచరు,
సత్యనారాయణపురం, విజయవాడ

జత: మీ టూరు కాగితం జిరాక్సు, నాలుగు ఈమెయిళ్ళు, మీ కుర్రాడు చెప్పిన గోడ ఫోటో.